చెరువు హద్దు, నగర పటం

హైదరాబాద్ పురపాలక పటాల చరిత్రలో ముఖ్యమైన మలుపులు చాలావరకు నీటి వల్ల వచ్చినవే. భూమి ఎవరి పేర ఉంది, దాని మీద శిస్తు ఎంత అన్న ప్రశ్నలకు జవాబుగా గీసిన పటాలు నిజాం రాజ్యంలో అంతకుముందే ఉన్నా, జనాన్ని ప్రమాదం నుంచి కాపాడడానికీ, వీధివీధికీ మంచినీళ్లూ మురుగుకాలువా చేర్చడానికీ ఇల్లిల్లూ కొలిచి పటం వేయాలన్న సంకల్పం నగరపాలకులకు కలిగింది 1908 నాటి మూసీ వరద తరువాతే. ఆ తరువాత నూరేళ్లకు పైగా దాదాపు ప్రతి పెద్ద సర్వేకూ ముందు ఒక వరదో, ఒక మహమ్మారో కనిపిస్తుంది. వరద తీసిన కొన్నేళ్లకు పటం బీరువాలోకి వెళ్లడం, మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు దాన్ని వెతకడం కూడా అంతే క్రమంగా జరిగాయి. కంప్యూటర్ తెర మీదికి చేరిన నేటి పటాలు ఈ క్రమాన్ని కొంత మార్చాయి. అయితే పటం మీది గీతకు అధికారం ఎక్కడి నుంచి వస్తుందన్న పాత చిక్కును అవి విప్పలేదు, కొన్ని చోట్ల మరింత బిగించాయి.

వరదకు ముందు ఉన్నది రెవెన్యూ పటం. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో చేపట్టిన పాలనా సంస్కరణల వెంట, 1870ల నుంచి హైదరాబాద్ రాజ్యంలో బొంబాయి ప్రెసిడెన్సీ పద్ధతిని అనుసరించి సర్వే, శిస్తు నిర్ణయం మొదలయ్యాయి. గొలుసుతో పొలాన్ని కొలిచి, ఆ కొలతలతో ఒక్కొక్క సర్వే నంబరుకు వేసుకున్న చిత్తు చిత్రాన్ని టీపన్ అనీ, ఊరంతటినీ ఒకచోట చూపే పటాన్ని నక్షా అనీ, నంబర్ల వారీగా విస్తీర్ణాన్నీ శిస్తునూ రాసిన మూల రికార్డును సేత్వార్ అనీ పిలిచేవారు. ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసుకునే గ్రామాల్లో ఈ పని ముందుగా సాగింది. జాగీర్లలోనూ, నిజాం సొంత ఆస్తిగా ఉండి రాజధాని చుట్టూ ఎక్కువగా పరచుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాల్లోనూ ఆలస్యంగా, ఒక తీరూ తెన్నూ లేకుండా జరిగింది. ఈ నక్షాల్లో చెరువు కూడా ఒక సర్వే నంబరే. దాని గర్భంలోని భూమిని శిఖం అని రాసుకున్నారు. అక్కడ గీసిన గీత భూమి హద్దును చూపిందే కాని, చెరువు నిండినప్పుడు నీళ్లు ఎందాకా వస్తాయో చూపడం దాని పని కాదు. శిస్తు లెక్కకు అది అవసరం లేదు కాబట్టి అప్పట్లో ఎవరూ దాన్ని లోపంగా ఎంచలేదు. ఆ ఊళ్లన్నీ నగరంలో కలిసిపోయాక, ఒక శతాబ్దం తరువాత, కోర్టుల్లో పెద్ద వివాదాలకు మూలమైంది ఈ తేడాయే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ ప్రాంతంలో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు; ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ విపత్తుకు కారణాన్ని నగరంలో కాక, నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతంలో, అంటే వాన నీరు జారి నదికి చేరే నేలంతటిలో, వెతికారు. శంషాబాద్‌లో 24 గంటల్లో దాదాపు 13 అంగుళాల వాన పడినట్లు నమోదైంది. హైదరాబాద్‌కు ఎగువన దాదాపు 800 చెరువులు, అంటే ఇంచుమించు ఒక చదరపు మైలుకు ఒక చెరువు చొప్పున ఉండగా, వాటిలో రెండు వందలకు పైగా కట్టలు తెగాయి. ఈ చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే మిగులు నీరు మత్తడి మీదుగా, అంటే ఆంధ్ర ప్రాంతంలో అలుగు అనే కట్టడం మీదుగా, కింది చెరువులోకి దిగుతుంది. పైన ఒక కట్ట తెగితే ఆ నీటి తాకిడికి కిందిది, దాని తాకిడికి ఆ కిందిది వరసగా తెగుతాయి. సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహం నగరంలోకి దూసుకువచ్చిందన్న అంచనా ఈ పరిశీలనలోంచే వెలువడింది. మూసీ మీదా, దాని ఉపనది ఈసీ మీదా నగరానికి కొద్ది మైళ్ల ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన 1920లో ఉస్మాన్‌సాగర్‌గానూ, 1927లో హిమాయత్‌సాగర్‌గానూ రూపుదాల్చింది. భూగర్భ మురుగునీటి వ్యవస్థ కావాలని కూడా ఆయన చెప్పారు. వీధుల వాలు, ఇళ్ల వరస, బావుల చోటు తెలియకుండా మురుగు గొట్టం వేయడం సాధ్యం కాదు. నగరానికి వివరమైన పటం కావలసి వచ్చింది ఇందుకే.

1911లో నగరాన్ని ప్లేగు వణికించింది. మరుసటి సంవత్సరం నగరాభివృద్ధి మండలి, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఏర్పడింది. వరదా ప్లేగూ కలిసి తెచ్చిన ఒత్తిడిలో, గనుల శాఖ అనుభవం ఉన్న లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మునిసిపల్ సర్వే ప్రధానంగా 1912, 1915 మధ్య సాగింది. కిక్కిరిసిన నగర భాగానికి అంగుళానికి 50 అడుగుల కొలమానం వాడారు. అంటే నేల మీది 50 అడుగులు కాగితం మీద ఒక అంగుళమవుతాయి. ఈ కొలమానంలో ఇంటి నడవా, ప్రహరీ మలుపూ, పెరటి బావీ కూడా పటానికెక్కుతాయి. మసీదులు, దేవళాలు, శ్మశానాలు, తోటలు, నాలాలు ఉన్నవి ఉన్నట్టు చూపిన ఈ పటాలు మొత్తం 848 ఫలకాలు. నేటి పాతబస్తీలో మాయమైన ఒక దేవిడీ, అంటే నవాబుల భవంతి, ఎంత మేర ఉండేదో, ఒక కుంట ఎక్కడ ఉండేదో తేల్చాలంటే పరిశోధకులు మొదట తీసేది వీటినే. భారతదేశంలోని పురపాలక పటాల్లో ఇంత సూక్ష్మంగా, ఇంత ఓపికగా గీసినవి అరుదు.

అయితే ఈ పటాలను కేవలం కళాఖండాలుగా చూసి మెచ్చుకుంటే చరిత్రలో సగమే చెప్పినట్టవుతుంది. మండలి చేపట్టిన పనుల్లో మురికివాడల తొలగింపు, రోడ్ల వెడల్పు ప్రధానమైనవి; పత్తర్‌గట్టీలో ఒకే తీరుగా నిలిచిన రాతి కమానుల అంగళ్లు ఆ కార్యక్రమంలో పుట్టినవే. ఏ గల్లీ ఇరుకు, ఎక్కడ గాలీ వెలుతురూ ఆడవు, ఏ ఇళ్లు తీసేస్తే దారి నేరుగా పోతుంది అన్న నిర్ణయాలకు పెద్ద కొలమానంలో గీసిన పటం లేనిదే చెయ్యాడదు. ఇల్లు ఎక్కడ ఉందో చూపిన అదే గీత, ఆ ఇంటిని తీసేయడానికీ దారి చూపింది. ఇంట్లో ఉన్నవాడు యజమానా, అద్దెకున్నవాడా, తరతరాలుగా నోటిమాట మీద ఉంటున్నవాడా అన్నది పటానికి తెలియదు. ఈ మౌనం నేటి డిజిటల్ పటాలకూ వారసత్వంగా వచ్చింది.

హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాతి అర్ధ శతాబ్దంలో నగరం పటాన్ని దాటి పెరిగింది. 1975లో అభివృద్ధి ప్రణాళిక వచ్చింది, అదే ఏడు నగరాభివృద్ధి సంస్థ హుడా ఏర్పడింది; భూమి వినియోగాన్ని రంగులతో చూపిన పటాలు తయారయ్యాయి. ఇల్లిల్లూ కొలిచిన మన్ సర్వేకు సాటివచ్చే పని మాత్రం జరగలేదు. ఇందులో ఒక వైచిత్రి ఉంది. 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పడింది హైదరాబాద్‌లోనే. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే కేంద్రం షాద్‌నగర్‌లో నెలకొంది. 1988లో ఐఆర్‌ఎస్-1ఎ, 1995లో ఐఆర్‌ఎస్-1సి కక్ష్యలోకి చేరాక దేశంలోని పంటలనూ అడవులనూ వరదలనూ బాలానగర్‌లోని ఆ సంస్థ నుంచి లెక్కగట్టగలుగుతున్న రోజుల్లో, ఆ పక్కనే ఉన్న పురపాలక కార్యాలయాల్లో నాలా ఎటు పోతుందన్నది పాత ఉద్యోగుల జ్ఞాపకం మీద నడిచింది. శాఖల మధ్య దూరమొక్కటే అడ్డయితే ఇది సర్దుకునేదే. ఆనాటి ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క నేల మీద కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల చదరానికి సమానం కాబట్టి, నాలుగు మీటర్ల నాలా అందులో కనిపించేది కాదు. వివరమైన పటాల పంపిణీ మీద రక్షణ కారణాలతో ఉన్న ఆంక్షలూ తక్కువవి కావు. 2005 నాటి జాతీయ పటాల విధానం వాటిని కొంత సడలించగా, 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు చాలావరకు ఎత్తివేశాయి. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల వివరాన్ని ఇవ్వడమే కాక, ముందుకొకటీ వెనక్కొకటీ వంచిన రెండు కెమెరాలతో నేల ఎత్తుపల్లాలను కూడా అంచనా వేయగలిగింది. అయినా ఆ ఎత్తుల్లో ఉండే కొద్ది మీటర్ల తేడా, అంగుళాల వాలు మీద ఆధారపడే వీధి కాలువకు పనికిరాదు. దానికి నేల మీద నిలబడి పరికరంతో కొలవవలసిందే.

భౌగోళిక సమాచార వ్యవస్థ, అందరి నోటా జీఐఎస్, అంటే స్థానం తెలిసిన సమాచారాన్ని పొరలుగా పేర్చే పద్ధతి. రోడ్లు ఒక పొర, నాలాలు ఒక పొర, ఇళ్లు ఒక పొర, సర్వే నంబర్లు మరొక పొర. అన్నిటికీ అక్షాంశ రేఖాంశాలు ఒకటే కాబట్టి, నాలా పొర మీద ఎన్ని ఇళ్లు పడుతున్నాయో క్షణంలో తేలుతుంది. పాత కాగితాన్ని ఈ పద్ధతిలోకి తేవాలంటే, దాని మీద కనిపించే కొన్ని బిందువులను నేల మీద గుర్తుపట్టి, వాటి స్థానాలను కచ్చితంగా కొలిచి, పటాన్ని ఆ స్థానాలకు కట్టాలి. హైదరాబాద్ శివార్లలో ఇది తేలిక కాలేదు. నక్షాలు ఊరికొకటిగా, ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా గీసినవి. పక్కపక్క ఊళ్ల పటాలను చేరిస్తే హద్దులు ఒకచోట ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, మరొకచోట మధ్యలో ఎవరిదీ కాని సందు మిగులుతుంది. కాగితం ముడుచుకుపోయి ఉంటుంది. మూడు ఊళ్ల హద్దు కలిసే చోట పాతిన రాయి ఏ లేఅవుటు కిందో పడిపోయి ఉంటుంది. కంప్యూటర్ ఈ తేడాలను సరిచేసి నున్నని గీత చూపిస్తుంది. ఆ నునుపు చూసి కచ్చితత్వం అనుకోవడం డిజిటల్ కాలపు పెద్ద పొరపాటు.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వరద తరువాత నగరపాలక సంస్థ కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌కు అప్పగించిన అధ్యయనం 2003లో పూర్తయి, నాలాల వెడల్పు పెంచాలనీ వాటి మీది వేల నిర్మాణాలను తొలగించాలనీ సూచించింది. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలూ 8 గ్రామ పంచాయతీలూ నగరంలో కలిసి బృహత్ హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఏర్పడడంతో, ఆ నివేదిక కొలిచిన నగరానికీ ఉన్న నగరానికీ పొంతన లేకుండాపోయింది.

ఇదే కాలంలో, స్థానిక సంస్థ చేతిలో కాక రాష్ట్ర ప్రభుత్వ భాగస్వామ్యంతో పెరిగినా, పటం ఉపయోగాన్ని జనానికి నేరుగా చూపింది 108 అంబులెన్సు సేవ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవలో, ఫోను అందుకున్నవారు పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందో పటం మీద గుర్తించి, దగ్గరలో ఖాళీగా ఉన్న వాహనాన్ని పంపే ఏర్పాటు ఉంది. హైదరాబాద్ ఇంటి నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అన్న మూడు అంకెల గుచ్ఛాలు. ఇళ్లు ముక్కలై, మధ్యలో కొత్తవి లేచి, నంబర్ల వెంట బై గుర్తులు చేరాక వరస తప్పాయి. అందుకని ఆపదలో ఉన్నవాడు నంబరు చెప్పడు, గుడి వెనకాల, ఫలానా హోటలు పక్క సందు అంటాడు. అధికారిక పటంలో లేని ఆ గుర్తులను కూడా పటానికెక్కించవలసి రావడం, నగర పటాల చరిత్రలో జనం చిరునామా సర్కారు చిరునామాను గెలిచిన సందర్భం. ఆస్తి పన్ను కోసం 2024లో జీహెచ్‌ఎంసీ మొదలుపెట్టిన డ్రోన్ సర్వే ఇళ్ల పొరను తాజా చేసే ప్రయత్నం; పన్ను కోసం కొలిచిన ఇల్లు అగ్నిమాపక వాహనానికీ దారి చూపుతుందన్నది దానికున్న అదనపు ప్రయోజనం.

చెరువుల సంగతి వేరు. ఇక్కడ పటం సేవకు సాధనంగా ఆగక, హక్కులను నిర్ణయించే పత్రమైంది. 1996 మార్చిలో వెలువడిన 111వ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. పరీవాహక ప్రాంతాన్ని కాపాడాలన్న విశ్వేశ్వరయ్య తరహా ఆలోచనను గ్రామాల జాబితాగా మార్చిన ఈ ఉత్తర్వును 2022 ఏప్రిల్‌లో 69వ జీవో సడలించింది. 2008లో హుడా స్థానంలో ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరిధితో హెచ్‌ఎండీఏ వచ్చింది. 2010లో ఏర్పడిన చెరువుల పరిరక్షణ కమిటీ ఆ పరిధిలోని చెరువులకు నంబర్లిచ్చి 3,132గా లెక్క తేల్చింది. ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్, అంటే నిండు నీటిమట్టం, గీయాలి. మత్తడి శిరస్సు ఎత్తును కొలిచి, అదే ఎత్తులో ఉన్న నేల బిందువులన్నిటినీ చుట్టూ కలుపుతూ పోతే ఆ గీత వస్తుంది. దాని లోపల కట్టడం నిషిద్ధం. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లూ అంతకు మించిన చెరువు చుట్టూ మరో 30 మీటర్లు, అంతకన్నా చిన్నదాని చుట్టూ 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా వదిలే పట్టీగా, ఉండాలి.

వినడానికి తేలికైన ఈ సూత్రం నేల మీద చిక్కుముడి అవుతుంది. మత్తడిని ఒక అడుగు తగ్గించినా, తూము తెరిచి ఉంచినా చెరువు చిన్నదవుతుంది. వేసవిలో తీసిన ఉపగ్రహ చిత్రంలో ఒక వైశాల్యం, వానాకాలపు చిత్రంలో మరొక వైశాల్యం కనిపిస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటం ఒక హద్దు చెబితే, గ్రామ నక్షా మరొకటి చెబుతుంది. నీళ్లు పరచుకునే మేర ఎప్పుడూ శిఖం నంబరుకు పరిమితం కాదు, పట్టా భూముల మీదికీ వస్తుంది; ఆ పట్టాదారు తన నేలలో ఏడాదిలో కొన్ని నెలలు నీళ్లుంటాయని ఒప్పుకున్నా, కట్టుకునే హక్కు పోయిందంటే ఒప్పుకోడు. అందుకే ముసాయిదా ప్రకటన, అభ్యంతరాలు, విచారణ, తుది ప్రకటన అన్న మెట్లు పెట్టారు. ముసాయిదా దశ దాటిన చెరువులు వేలల్లో ఉండగా, 2024 నాటికి కూడా తుది ప్రకటన వెలువడినవి కొన్ని వందలే. సాంకేతికంగా వారాల్లో తేలే గీతకు సంవత్సరాలు పట్టిందంటే, ఆలస్యానికి కారణం పరికరాల్లో లేదని వేరే చెప్పనక్కరలేదు.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల దాకా వాన పడింది. పల్లెచెరువు, బాలాపూర్ సమీపంలోని గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ దక్షిణాన కాలనీలు మునిగాయి. గొలుసుకట్టులో పై చెరువు తెగితే ఏమవుతుందో 1909 నుంచి రాతలో ఉంది. వరద తరువాత సుమారు 985 కోట్ల రూపాయల అంచనాతో తొలి దశ నాలా అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. 2024 జులైలో ఏర్పడిన విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ హైడ్రా బాహ్య వలయ రహదారి దాకా విస్తరించిన పరిధిలో ఎఫ్‌టీఎల్ లోపలి కట్టడాలను కూల్చడం మొదలుపెట్టినప్పుడు, పాత నక్షాలూ సర్వే ఆఫ్ ఇండియా పటాలూ జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ చిత్రాలూ ఒక్కసారిగా పత్రికల పతాక శీర్షికల్లోకి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో మూసీ గర్భంలోని ఇళ్ల గోడల మీద సర్వే సిబ్బంది నదీగర్భానికి గుర్తుగా ఆర్‌బీ-ఎక్స్ అని ఎర్రరంగుతో రాసిపోయారు. అనుమతి పత్రమూ రిజిస్ట్రేషనూ కరెంటు మీటరూ పన్ను రసీదూ ప్రభుత్వమే ఇచ్చిన ఇల్లు, అదే ప్రభుత్వపు మరో పొర మీద నీటి లోపల తేలడం ఆ కుటుంబాలకు అర్థం కాలేదంటే తప్పు పట్టలేము. పొరలన్నీ ఒకే తెర మీద ఉండాలన్నది జీఐఎస్ మూలసూత్రం. కార్యాలయాలు మాత్రం వేటి పొర అవి దాచుకున్నాయి.

2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తడంతో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ నీరు చేరి, ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తీసుకురావలసి వచ్చింది. గేట్ల నుంచి వదిలే నీటి లెక్క అధికారుల దగ్గర ఎప్పటికప్పుడు ఉంటుంది. ఎంత నీరు వదిలితే ఏ వీధిలో ఎంత ఎత్తున నిలుస్తుందో ముందే లెక్కగట్టి చూపే ముంపు పటం ఈ సందర్భంలో అసలు అవసరం; అలాంటి పటం కేవలం నది గీత కాదు, నది అడుగు ఎత్తూ వంతెనల ఖానాలూ గోడల మట్టమూ కొలిచి ఏటా సరిదిద్దవలసిన లెక్క.

ఆ సరిదిద్దే పనికి మనుషులు కావాలి. నిజాం కాలపు టీపన్ చదవగలిగి, ఉపగ్రహ సంకేతాలతో స్థానం తేల్చే పరికరాన్నీ వాడగలిగిన సర్వేయర్లు తెలంగాణలో చాలా తక్కువ. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం భూమి చేతులు మారేటప్పుడు దస్తావేజుకు సర్వే పటం జతచేసే ఏర్పాటు చేసింది. దానికోసం ప్రైవేటు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చి లైసెన్సులు జారీ చేయడం మొదలైంది. అలా తయారయ్యే ప్రతి చిన్న పటమూ ఊరి నక్షాలో తన చోటు చూపుకోవాలి, చెరువు పక్కన ఉంటే ఎఫ్‌టీఎల్ గీతతో కూడా పొసగాలి. ఈ రెండు రికార్డులూ నేటికీ రెండు వేర్వేరు శాఖల దగ్గర ఉన్నాయి.